క్లయింటు మీరు కారు

జనవరి 9, గురువారం

లైసెన్సు పొందిన వలస సలహాదారు గారికి,

నమస్కారాలు. మీరూ మీ ఇంటివారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నా కులాసా సంగతి మీరు అడగరు కనుక నేనూ రాయను.

చాలా ఏళ్ళ కిందట, మీ ఆఫీసు తలుపు మీద కొత్త బోర్డు బిగించిన రోజున, మీరు నిచ్చెన మీద ఉన్నారు, నేను కింద నిచ్చెన పట్టుకుని ఉన్నాను. అప్పుడు మీరు నాకొక మాట ఇచ్చారు. మీ అక్కని నీ దగ్గరికి చేర్చే పూచీ నాది అన్నారు. నేను అడగలేదు, మీరే అన్నారు. నిచ్చెన మీదున్నవాడు కింద పట్టుకున్నవాడితో ఎప్పుడూ తియ్యగానే మాట్లాడతాడని అప్పటికి నాకు తెలియదు. ఆ మాట మీరు నిలబెట్టుకోలేదు. ఈ లేఖ ఆ విషయమై.

ఇది రాయాలన్న కోరిక నాకేమీ లేదు. మీ మీద ఫిర్యాదు ఇద్దామని తిన్నగా సలహాదారుల నియంత్రణ కార్యాలయానికే వెళ్ళాను. అక్కడ ఫిర్యాదులు చూసే అమ్మాయి ఒకతె ఉంది. నాకు మనవరాలంటూ ఉంటే ఆ ఈడు ఉండేది. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, కనబడుతోందో లేదో తెలియని చూపుతో మాట్లాడుతుంది. నా కథంతా ఓపిగ్గా విని, ఈ సంగతి ముందుగా సలహాదారుకే రాతపూర్వకంగా చెప్పారా అని అడిగింది. లేదన్నాను. అలాగైతే మేము తీసుకోలేం సార్, ముందు ఆయనకి జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వాలి, ఆ జవాబు మీకు నచ్చకపోతే అప్పుడు రండి అంది. ఇల్లు దోచుకున్నారని చెప్పడానికి వస్తే, ముందు దొంగని ఒకసారి కనుక్కుని రమ్మన్నట్టుంది అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు. అలాగే అనుకోండి సార్, అయినా రాయండి అంది.

ఈ జన్మలో మీతో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్న మనిషి చేత ఇలా ప్రభుత్వం ఉత్తరం రాయిస్తోంది. మిమ్మల్ని 'మీరు' అంటున్నందుకు పొంగిపోకండి. ఫిర్యాదుదారు మర్యాదగా రాయాలని ఆ పిల్ల ఇచ్చిన కాగితంలో ఉంది. నలభై ఏళ్ళు గ్రంథాలయంలో కేటలాగు పని చేసినవాణ్ణి, కాగితంలో ఏముంటే అది చేస్తాను.

ఇక విషయం. అక్క నాకు ఏమవుతుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడ. బడిపిల్లల యూనిఫారాలు కుట్టి నన్ను చదివించింది. నా మొదటి నిఘంటువు ఆవిడ కొన్నదే, దానికి గుడ్డ అట్ట కుట్టింది కూడా ఆవిడే. బావగారు పోయారు. ఇక్కడ నా భార్య పోయింది. మాకు పిల్లలు లేరు. అక్కడ స్వదేశంలో ఆవిడ ఒక్కతీ, ఇక్కడ నేనొక్కణ్ణీ ఎందుకు, ఇద్దరం ఒకచోట ఉందామనుకున్నాను. అక్కడ అక్క కూతురు రెండు వీధుల అవతలే ఉంది కదా అని ఆ రోజుల్లో అన్నవాళ్ళున్నారు. కూతురు వేరు, తమ్ముడు వేరు.

ఆవిడ చుట్టపుచూపుగా వచ్చిన వేసవిలో నేనొక గది సిద్ధం చేశాను. నా పుస్తకాలు సగం హాల్లోకి మార్చి, ఎండ వచ్చే కిటికీ ఆవిడకి వదిలాను. మీ ఆఫీసుకి తీసుకొచ్చాను. మీరు చేసిన మొట్టమొదటి పని నన్ను గదిలోంచి బయటికి పంపడం. క్లయింటుతో ఒంటరిగా మాట్లాడాలి, బంధువులెవరూ ఉండకూడదు, అది మా పద్ధతి అన్నారు. నేను లేకుండా మా అక్క మాట్లాడవలసినది ఏముంటుంది? నన్ను నడవలో బెంచీ మీద కూర్చోబెట్టారు. అక్కడ చదవడానికి గోడకున్న మంటలార్పే సిలిండరు తప్ప ఏమీ లేదు. అగ్నిప్రమాదం జరిగితే ఏం చెయ్యాలో నాకు ఈ రోజుకీ కంఠతా వచ్చు. చివరికి మీరిద్దరూ బయటికొచ్చారు. అక్క, ఆకలేస్తోంది పదరా అంది. మీరు నా మొహం చూడలేదు.

అక్క వీసా గడువుకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత నేను ఎప్పుడు కదిపినా మీ దగ్గర ఒకటే మాట, "అక్కనే అడగరా." ఒక బల్ల మీది ఫైలుని ఇంకో బల్ల మీదికి తోసే గుమాస్తా మాట. కొన్నాళ్ళకి అది కూడా మానేశారు. నన్ను చూసి రోడ్డు దాటడం మొదలుపెట్టారు. ఒకసారి మందుల షాపులో నేను కనబడితే మందు కొనకుండానే వెళ్ళిపోయారు. ఆ రోజు మీకు జలుబు. తుమ్ముతూ పారిపోయారు.

అయినా నేను నమ్మాను. దరఖాస్తు వేశానని చెప్పి మీరు నన్ను నమ్మించారు. ప్రభుత్వం పని కదా, నత్తతో పందెం వేసుకుని ఓడిపోయే రకం అనుకుని ఏళ్ళు గడిపాను.

పోయిన వానాకాలంలో అక్క పోయింది. నా గుండె పరిస్థితికి విమానం ఎక్కకూడదన్నారు, వెళ్ళలేదు. కాస్త తేరుకున్నాక, దరఖాస్తుదారు ఇక లేరని చెప్పడం బాధ్యత కదా అని వీసాల శాఖకి ఫోన్ చేశాను. అవతలి మనిషి పేరడిగాడు, పుట్టిన తేదీ అడిగాడు, వెతికాడు, మళ్ళీ వెతికాడు. ఆ పేరుతో ఎవరూ ఎప్పుడూ దరఖాస్తు పెట్టుకోలేదండీ అన్నాడు. అతని గొంతులో తేడా ఏమీ లేదు. ఆ పుస్తకం మా దగ్గర లేదండీ అని నేను ఉద్యోగమంతా చెప్పిన గొంతు అది. అవతల విన్నవాళ్ళకి ఎలా ఉండేదో ఆ రోజే తెలిసింది.

నేను కోరేది ఒక్కటే. ఆ దరఖాస్తు ఎందుకు వెయ్యలేదో రాతపూర్వకంగా చెప్పండి. కాగితంలో రాసిన గడువులోగా చెప్పండి. జవాబు నాకు నచ్చదని ముందుగానే తెలియజేసుకుంటున్నాను.

ఇట్లు,
మీ నిచ్చెన పట్టుకున్నవాడు

•

ఫిబ్రవరి 18, మంగళవారం

సలహాదారు గారికీ, ఆయన లోపల ఎక్కడో నక్కి ఉన్న నా బడి స్నేహితుడికీ,

నమస్కారం. ఒక్కటే పెడుతున్నాను, ఇద్దరూ పంచుకోండి.

నీ జవాబు అందింది. ఇక 'మీరు' వల్ల కాదు. ఆ పిల్లతో చెప్పాను, మొదటి లేఖలో మర్యాద అయిపోయింది, నిల్వ లేదు అని.

ఎంత గొప్ప జవాబు రాశావురా. "మీ ఫిర్యాదు చేరింది. ఆ ఫైలులో క్లయింటు మీరు కారు. క్లయింటు అనుమతి లేకుండా నేనేమీ చెప్పలేను. అక్క పోయినందుకు నాకు చాలా బాధగా ఉంది." ఇంతే. నేను ఎన్నో పుస్తకాలు చదివాను, తలుపు మొహం మీద వేసే పద్ధతులు అనేకం చూశాను. తలుపు వేసి, తాళం కన్నంలోంచి ఓదార్చడం మాత్రం ఇదే చూడటం. నా పదవీ విరమణ సభలో నా పేరు తప్పుగా చదివి, గోడగడియారం చేతిలో పెట్టిన డైరెక్టరు కూడా నీకంటే నయం. ఆయనకి కనీసం నేనెవరో తెలియదు.

నేను క్లయింటుని కానా? గది సిద్ధం చేసింది నేను. మీ ఆఫీసుకి నడిపించుకొచ్చింది నేను. మరి ఎవరు క్లయింటు, మంటలార్పే సిలిండరా?

నా లేఖా, నీ జవాబూ నకళ్ళు పంపితే కార్యాలయం ఫిర్యాదు తీసుకుంది. ఈ ప్రశ్నే ఆ పిల్లని అడిగాను. నా మోకాళ్ళ సంగతి తెలిసి తనే ఇంటికి వచ్చింది. కుర్చీలో పుస్తకాలుంటే తీసి, వరస చెడకుండా నేల మీద పెట్టి కూర్చుంది. ఆ ఒక్క పనితో నాకు ఆమె మీద కొంచెం గౌరవం కలిగిందని ఒప్పుకుంటాను. ఒప్పందం మీద సంతకం ఎవరిది సార్ అని అడిగింది. మా అక్కది అన్నాను. అయితే క్లయింటు ఆవిడే అంది. మీరు అక్కని వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళారనుకోండి, జబ్బు సంగతి ఆయన ఎవరికి చెప్పాలి అంది. మా అక్క జబ్బు నాకు చెప్పని వైద్యుడి దగ్గరికి నేను తీసుకెళ్ళను అన్నాను. ఆ పిల్ల అది కూడా రాసుకుంది. అన్నీ రాసుకుంటుంది. తుమ్మినా రాసుకుంటుందేమో.

అప్పుడు పద్ధతంతా చెప్పింది. మనిషి పోయినా ఆ గోప్యత పోదట. ఫైలు తెరవాలంటే వారసురాలు, అంటే మా మేనకోడలు, సంతకం పెట్టాలట. ఇంకొక దారి కూడా ఉందట. సలహాదారు మీద ఫిర్యాదు వచ్చినప్పుడు, తనని తాను కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంత చెప్పుకోవచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, అది నియమాల్లోనే ఉంది అంది. మరి వాడెందుకు చెప్పుకోడు అన్నాను. ఆ పిల్ల కళ్ళద్దాలు దించి పెట్టుకుని నన్ను మొదటిసారి సరిగ్గా చూసింది. ఆయన మాకు ఏం రాసినా దాని నకలు ఫిర్యాదుదారుకి పంపాలి సార్, అది కూడా నియమమే, ఆ సంగతి తెలిసే ఆయన చెప్పుకోనన్నారు అంది.

అంటే నాకు తెలియకూడదని! లైసెన్సు పోయినా సరే, నాకు మాత్రం తెలియకూడదు! ఎందుకురా? నీ నిర్లక్ష్యం అంత అందంగా ఉందా, దిష్టి తగులుతుందని దాస్తున్నావా?

జవాబు చెప్పకపోతే ఏమవుతుందని అడిగాను. పని చెయ్యలేదనీ, చేశానని నమ్మించారనీ మీరు రాశారు, రెండింటికీ ఆయన దగ్గర సమాధానం లేకపోతే లైసెన్సు రద్దు కావచ్చు అంది. తేలేదాకా కొత్త కేసులు తీసుకోకుండా ఆపుతామంది. నాకు సంతోషం కలిగింది. దాచను. చాలా రోజుల తర్వాత ఆ రాత్రి తృప్తిగా భోంచేశాను.

మర్నాడే మేనకోడలికి ఫోన్ చేశాను. అక్క కుట్టుపని దుకాణం ఇప్పుడు అదే చూసుకుంటోంది. సంతకం పెట్టమ్మా, కాగితం వస్తుంది అన్నాను. అవతల మిషను ఆగింది. పెట్టను మామయ్యా అంది. ఎందుకని అడిగాను. పెట్టనని చెప్పాను కదా అంది. చిన్నప్పుడు నా భుజాల మీద ఎక్కి జుట్టు పీకిన పిల్ల నాకు ఒక్క సంతకం పెట్టదట! దాన్ని కూడా నువ్వే మచ్చిక చేసుకుని ఉంటావు. మెత్తగా మాట్లాడి మనుషుల్ని దువ్వడంలో నువ్వు దిట్టవి. బోర్డు మీద ఆ సంగతి కూడా రాయించుకోవలసింది.

ఒక్క విషయం నాకు అర్థం కాకుండా ఉంది, పగవాణ్ణయినా అడుగుతున్నాను. చిన్నప్పుడు నీ నోట్లో నువ్వుగింజ నానేది కాదు. నేను క్లాసు కిటికీ అద్దం పగలగొడితే, పెంకులు నేల మీద పడేలోపే మాస్టారికి చేరింది. నాకు పెళ్ళి కుదిరిన సంగతి నాకంటే ముందు నువ్వే వీధికంతా చెప్పావు. అలాంటి నీకు ఈ మౌనవ్రతం ఎవరు నేర్పారు? ఎవరి కోసం?

చెప్పు. చెబితే ఫిర్యాదు ఉపసంహరించుకుంటానని మాత్రం ఆశపడకు.

ఇట్లు,
నీ క్లయింటు కానివాడు

•

ఏప్రిల్ 3, గురువారం

ఒరేయ్,

ఎలా ఉన్నావని అడగను. సోమవారం నిన్ను అద్దంలోంచి చూశాను.

మీ వీధికి వచ్చాను. ఎందుకు వచ్చావని అడిగితే, గెలిచినవాడు యుద్ధభూమి చూసుకోవడానికి వెళ్ళడా, అలా వచ్చాననుకో. నీ తలుపు మీద కార్యాలయం వాళ్ళ కాగితం అంటించి ఉంది, కొత్త కేసులు తీసుకోబడవని. లోపల నువ్వు నిలబడి పోస్టు సర్దుతున్నావు. ఒక్కో కవరు మీద పేరు చదివి, వేరువేరు దొంతరలు పెడుతున్నావు. నీ కుర్చీ గోడవైపు తిప్పి ఉంది. కూర్చోవడం కూడా నిషేధించారా అనిపించింది. బక్కచిక్కావు. చొక్కా నీది కానట్టుంది.

బయట గుమ్మం దగ్గర ఒక మనిషి ఉన్నాడు, రంగులు వేసేవాడు, గోళ్ళ సందుల్లో తెల్ల సున్నం. నువ్వు బయటికొచ్చి అతని చేతిలో ఒక కవరూ, ఇంకో సలహాదారు చిరునామా పెట్టి, భుజం తట్టి లోపలికి వెళ్ళావు. నేను స్తంభం పక్కన ఉన్నాను, నువ్వు చూడలేదు. అతను నాతో మాట కలిపాడు. భార్యని తెచ్చుకునే కాగితాలు సగంలో ఉన్నాయట. కొత్త సలహాదారు మొదటి నుంచీ మొదలెట్టాలన్నాడట. ఎన్నాళ్ళు పడుతుందో తెలియదట. ఈయనకేమైందని అడిగాను. "ఎవరో ముసలాయన ఫిర్యాదట సార్. పనీపాటా లేనట్టుంది" అన్నాడు. అయ్యుండొచ్చు అన్నాను.

ఇంటికి వచ్చి మేనకోడలికి ఫోన్ చేశాను. నువ్వు సంతకం పెట్టకపోతే వాడి లైసెన్సు పోతుంది, అప్పుడు ఆ పాపం నీదే, నాది కాదు అన్నాను. ఏడ్చింది. అది ఏడిస్తే నాకు చిన్నప్పటి నుంచీ కాళ్ళూ చేతులూ ఆడవు. ఆయన సంతకం పెట్టొద్దని నా దగ్గర మాట తీసుకున్నారు మామయ్యా, కానీ ఇంక నావల్ల కాదు అంది. చెప్పింది.

ఆ రోజు నీ గదిలో అక్క ఏమందో ఇప్పుడు నాకు తెలుసు. నువ్వు కిటికీ తెర లాగి, కుర్చీ జరిపి, నీకు ఇక్కడికి రావాలని ఉందా అక్కా అని అడిగావట. అంతకుముందు ఆ ప్రశ్న ఎవరూ అడగలేదని అక్క కూతురితో అందట. అప్పుడు చెప్పిందట.

"వాడు నాకోసం గది సర్దాడు బాబూ. మంచి గది. కానీ నాకు అక్కడ నా మిషనుంది, నా పిల్లలున్నారు కొలతలిచ్చేవాళ్ళు, నా తలుపుకి నా తాళం ఉంది. ఇక్కడికొస్తే వాడికి మళ్ళీ అన్నీ నేనే. ఈ వయసులో వాణ్ణి ఇంకోసారి పెంచలేను."

దరఖాస్తు వెయ్యొద్దని చెప్పిందట. వద్దన్నానని వాడికి తెలిస్తే తట్టుకోలేడు, చెప్పకు అందట. నువ్వు ఏమన్నావో కూడా మేనకోడలు చెప్పింది. చెప్పను అక్కా, కానీ అబద్ధమాడలేను, నా లైసెన్సు ఒప్పుకోదు, వాడు అడిగితే నిన్నే అడగమంటాను అన్నావట. అలాగే అను, నిన్ను తిట్టుకుంటే తిట్టుకుంటాడు, నువ్వు ఓర్చుకోగలవు అందట. ఆ తర్వాత ఏటా ఆవిడకి ఫోన్ చేసి, ఇక చెప్పెయ్ అక్కా అని బతిమాలేవాడివట. ఈ పండుతున్న టమాటా చెట్టుకి నీళ్ళు పోసి చెబుతాలే, ఈ బడి గుడ్డలు అయిపోనీ చెబుతాలే అంటూ ఆవిడ నిన్ను దాటవేసేదట. ఆరోగ్యంగా ఉన్న మనిషి వీలునామా రాయడం వాయిదా వేసినట్టు.

ఫోన్ పెట్టేశాక నేను ఆ గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. నిజంగానే మంచి గది. ఎండ బాగా వస్తుంది.

మర్నాడు కార్యాలయానికి వెళ్ళాను. మోకాళ్ళ మాట వినకుండా మెట్లెక్కాను. అంతా తెలిసింది, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని ఆ పిల్లతో చెప్పాను. ఒకసారి తీసుకున్నాక ఫిర్యాదు మీది కాదు సార్, మాది అంది. నా అక్క నాది కాదు, నా ఫిర్యాదూ నాది కాదు, ఈ వయసులో నాకు మిగిలిందేమిటమ్మా అన్నాను. ఈసారి నవ్వింది. నవ్వితే చిన్నపిల్లే.

కానీ అసలు సంగతి అప్పుడు చెప్పింది. ఉదయమే మేనకోడలు సంతకం పంపిందట, ఫైలు తెరిచారట. వెయ్యొద్దని క్లయింటే చెప్పిందని తేలింది కనుక మొదటి ఆరోపణ పోయింది. రెండోది ఉంది. క్లయింటు కోసం నోరు మూసుకోవడం సలహాదారు ధర్మం, కానీ ఎవరి కోసమైనా సరే అబద్ధం చెప్పడం తప్పు, మంచి మనసుతో చెప్పినా తప్పే అంది. దరఖాస్తు వేశానని చెప్పి నమ్మించారని మీ లేఖలో రాశారు, అది నిజమైతే లైసెన్సు ఉండదు, ఇక మీ మాట మీదే అంతా ఉంది, తొందర లేదు, ఆలోచించి చెప్పండి అంది. ఆ తర్వాత కలం మూత తీసి, నావైపు చూడకుండా అడిగింది.

"ఆయన ఎప్పుడైనా తన నోటితో, దరఖాస్తు వేశానని మీతో అన్నారా?"

మంచినీళ్ళు అడిగాను. తెచ్చింది. తాగుతూ కూర్చున్నాను. ఆ పిల్ల బల్ల మీద నీ ఫైలు ఉంది, పల్చటి ఫైలు. ఇంత పల్చటి దాని కోసమా ఇన్నేళ్ళు అనిపించింది. రోడ్డు మీద, మెట్ల దగ్గర, మందుల షాపులో నువ్వు నాతో అన్న మాటలన్నీ ఒక్కొక్కటే తీసి చూశాను. ఆ పని నాకు బాగా వచ్చు, బతుకంతా అదే చేశాను.

"లేదమ్మా. అనలేదు" అన్నాను.

మరి ఇలా రాశారేమిటి సార్ అంది. అది కొట్టెయ్యమన్నాను. కొట్టెయ్యడం కుదరదు, కొత్తగా వాంగ్మూలం రాయాలి అంది. రాశాను. చదివి వినిపించింది. సంతకం చేశాను. లేచి నిలబడ్డాక అడిగింది, మరి దరఖాస్తు వేశారని మీకు ఎవరు చెప్పారు సార్ అని. అది మీ కార్యాలయం పరిధిలోకి రాదమ్మా అన్నాను. ఈసారి మాత్రం ఏమీ రాసుకోలేదు.

రేపో ఎల్లుండో నీకు కబురు వస్తుంది. ఆ కాగితం తలుపు మీంచి తీసేస్తారు. రంగులు వేసేవాణ్ణి వెనక్కి పిలువు. కొత్త సలహాదారు అతని చేత అన్నీ మళ్ళీ మొదలెట్టించేలోపు పిలువు. ఫిర్యాదు చేసిన ముసలాయన ఎవరని అడిగితే, తెలియదని చెప్పడానికి నీకు వీల్లేదు, నీది లైసెన్సు ఉన్న నోరు. అక్కడ కూడా మౌనం పాటించు.

మనం మళ్ళీ కలుసుకుని కౌగిలించుకుని కన్నీళ్ళు పెట్టుకుంటామని ఊహించుకోకు. అలాంటి ముగింపులు ఉన్న పుస్తకాలని నేను ఎప్పుడూ వెనక అరలోనే పెట్టేవాణ్ణి. జలుబు చేసినప్పుడు మాత్రం పారిపోకుండా మందు కొనుక్కో.

ఇట్లు,
పక్క బెంచీవాడు

తా.క. ఆ పిల్లకి చెప్పనిది నీకు చెప్పాలి. లేకపోతే నిన్ను కాపాడటానికి అబద్ధమాడానని అనుకుని నువ్వు నన్ను మెచ్చుకుంటావు, అది నేను భరించలేను. నేను చెప్పింది నిజమే. నువ్వు వేశానని ఏనాడూ అనలేదు. అక్కని అడగమన్నావు. అడిగాను. "వేశారటరా తమ్ముడూ, టైము పడుతుందట" అంది. మరుసటి ఏడు అడిగాను, అదే అంది. నాకు మాటలు నేర్పిన నోటితోనే అంది. రానురా అని ఒక్కసారి అనుంటే నేను అరిచేవాణ్ణి, అలిగేవాణ్ణి, కొన్నాళ్ళు ఫోన్ చెయ్యడం మానేసేవాణ్ణి, ఆ తర్వాత నేనే చేసేవాణ్ణి. అది ఆవిడకి తెలియనిది కాదు. పరాయివాడివి, నీకు కాసేపట్లో చెప్పగలిగింది. నాకు చచ్చిపోయేదాకా చెప్పలేకపోయింది. వీసాల శాఖవాడు ఫోన్లో ఆ పేరు లేదన్న క్షణంలోనే, దరఖాస్తు వేశారన్న మాట ఎవరి నోటి నుంచి విన్నానో నాకు గుర్తుకొచ్చింది. కానీ పోయినవాళ్ళ మీద ఫిర్యాదు తీసుకునే ఆఫీసు ఎక్కడా లేదురా. అందుకని నీ మీద రాశాను. చిరునామా తప్పు, ఫిర్యాదులో మాత్రం తప్పు లేదు. నిన్ను వదిలేశాను. మేనకోడల్ని ఏమీ అనను. నేను ఇప్పటికీ తప్పు పట్టేది ఒక్క మనిషినే, మా అక్కని.